నిషేధానికి గురైన ఇంటిపేరు: స్కాట్లండ్ మెక్‌గ్రెగర్ల నామచరిత్ర

1603 ఏప్రిల్ 3న స్కాట్లండ్ ప్రివీ కౌన్సిల్ ఒక ఇంటిపేరును రద్దు చేసింది. నేరస్థులను ఉరితీయడం, భూములు స్వాధీనం చేసుకోవడం, తిరుగుబాటుదారులను దేశం నుంచి వెళ్ళగొట్టడం ఆనాటి ఐరోపా రాజ్యాలకు అలవాటైన పనులే. ఒక పేరుతో పిలిపించుకోవడమే మరణశిక్షకు తగిన నేరమని శాసించడం మాత్రం అరుదు. ఆ పేరు మెక్‌గ్రెగర్. 1603 నుంచి 1661 వరకు, మళ్ళీ 1693 నుంచి 1774 వరకు ఈ నిషేధం అమలులో ఉంది. అంటే మొత్తం 171 సంవత్సరాలలో 139 సంవత్సరాల పాటు ఆ పేరు చట్టం దృష్టిలో లేదు. అయినా ఈనాడు స్కాట్లండ్‌లోనే కాక కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలోనూ అది సాధారణంగా వినబడే ఇంటిపేరు.

ఈ చరిత్రను వీరగాథగా చెప్పడం స్కాట్లండ్‌లో పాత సంప్రదాయం. ఒక తెగ కష్టాలన్నిటినీ ఓర్చి తన పేరును నిలబెట్టుకున్నదని ఆ కథనం సారాంశం. అందులో సత్యం లేకపోలేదు. కానీ ఆధారాలను వరుసగా పరిశీలిస్తే మరొక విషయం ముందుకు వస్తుంది. నిషేధం ప్రధానంగా కాగితం మీది పేరుపై పడింది. పత్రాలలో, చర్చి రిజిస్టర్లలో, న్యాయస్థానాలలో పేరు మారింది. ఇంట్లో, లోయలో, పాటలో పిలుపు మారలేదు. తరువాతి కాలంలో ఆ పేరు ఎవరికి తిరిగి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది రక్తసంబంధం కంటే ఈ రెండు జీవితాల మధ్య ఏర్పడిన దూరం మీదనే ఎక్కువగా ఆధారపడింది.

గ్రెగర్ ఎవరు?

‘మాక్’ అనే గేలిక్ పదానికి కుమారుడు అని అర్థం. స్త్రీల విషయంలో దాని స్థానంలో కుమార్తె అనే అర్థమిచ్చే ‘నిక్’ వస్తుంది. కనుక మెక్‌గ్రెగర్ అంటే గ్రెగర్ కుమారుడు. గ్రెగర్ గేలిక్ పేరు కాదు. మెలకువగా ఉండేవాడు అనే అర్థంగల గ్రీకు పదం లాటిన్‌లో గ్రెగోరియస్ అయి, ఆ పేరు గల పోపుల ప్రతిష్ఠ వల్ల క్రైస్తవ ఐరోపా అంతటా వ్యాపించి, గేలిక్‌లో ‘గ్రిగర్’గా స్థిరపడింది. ఈ పేరు ఎన్నో చోట్ల ఎందరికో ఉండేది. కాబట్టి గ్రెగర్ కుమారులు అని పిలిపించుకున్న కుటుంబాలన్నీ ఒకే గ్రెగర్ సంతతి కానవసరం లేదు. నామచరిత్రలో తరచూ మరచిపోయే విషయమిది.

తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేరు నుంచి వచ్చినవి అనేకం. వ్యక్తినామానికి ముందుండే ఆ పేరు తరాలు గడిచినా మారదు. స్కాట్లండ్ ఉన్నతభూముల పద్ధతి వేరు. అక్కడ నిత్యజీవితంలో మనిషిని గుర్తించేది తండ్రి, తాత, ముత్తాతల పేర్ల వరుసతోనూ, ‘నల్లని’, ‘ఎర్రజుట్టు’, ‘ఒంటికన్ను’ వంటి ఉపనామాలతోనూ. ఒక లోయలో ఉన్నవారందరూ మెక్‌గ్రెగర్లే అయినప్పుడు ఆ పేరుతో ఎవరినీ విడిగా గుర్తించలేరు. తెగ పేరు అవసరమయ్యేది బయటివారితో వ్యవహరించేటప్పుడు, అనగా ఒప్పందానికో, సాక్ష్యానికో, రాజుగారి న్యాయస్థానానికో వెళ్ళినప్పుడు.

తెగ సంప్రదాయం తన మూలాన్ని 9వ శతాబ్దపు రాజు కెన్నెత్ మెక్ ఆల్పిన్ సోదరుడైన గ్రిగర్‌తో ముడిపెడుతుంది. మెక్‌గ్రెగర్ల చిహ్నం మీది గేలిక్ వాక్యం కూడా తమది రాజవంశమనే చాటుతుంది. అదే శతాబ్దం చివర పాలించిన గిరిక్ అనే రాజును మధ్యయుగ చరిత్రకారులు గ్రెగరీగా మార్చి, మహానుభావుణ్ణి చేసి వర్ణించారు. ఈ కథకు అది మరింత ఊతమిచ్చింది. సమకాలిక ఆధారం మాత్రం లేదు. చరిత్రకు అందే తొలి పెద్దలలో ఒకడు ఒంటికన్ను జాన్ అనే అర్థంగల పేరున్న ఇయన్ కామ్. అతడు 1390లో మరణించాడు. అతని తండ్రి గ్రెగర్ నుంచే తెగకు ఈ పేరు వచ్చిందని పరిశోధకులు సాధారణంగా అంగీకరిస్తారు. రాజవంశపు దావాను అబద్ధమని కొట్టివేయడం సులభమే. అయితే భూమి చేజారిపోతున్న కొద్దీ ఆ దావా బలపడుతూ వచ్చిందన్న సంగతిని గమనించాలి.

భూమి, పత్రం

మెక్‌గ్రెగర్ల తొలి నివాసం పశ్చిమ స్కాట్లండ్‌లోని గ్లెనార్కీ, గ్లెన్‌స్ట్రే లోయలు. 14వ శతాబ్దంలోనే గ్లెనార్కీ మీది హక్కు వివాహం ద్వారా క్యాంబెల్ వంశానికి చేరింది. 1432లో ఆ వంశపు చిన్న శాఖకు మూలపురుషుడైన కాలిన్ క్యాంబెల్‌కు గ్లెనార్కీ దక్కింది. తరువాత లాక్ ఆ సరస్సు ఒడ్డున కిల్‌కర్న్ కోట లేచింది. మెక్‌గ్రెగర్లు ఆ భూమిలోనే ఉన్నారు, దానినే దున్నారు, దాని కోసమే కత్తి పట్టారు. రాజముద్ర గల పత్రం మాత్రం క్యాంబెల్‌ల పెట్టెలో ఉంది. గేలిక్ సమాజంలో అనుభవమే హక్కు. ఎడిన్‌బరో దృష్టిలో హక్కు అంటే పత్రమే. తరువాతి రెండు శతాబ్దాల వైరానికి మూలం ఇక్కడ ఉంది.

అయినా రెండు తెగల సంబంధం మొదటినుంచీ శత్రుత్వమే అనుకోవడం పొరపాటు. చాలాకాలం మెక్‌గ్రెగర్లు గ్లెనార్కీ క్యాంబెల్‌లకు అనుచరులు, సైనికులు, ఇంటి అల్లుళ్ళు కూడా. ఇందుకు అన్నిటికంటే అందమైన సాక్ష్యం ఒక రాతప్రతి. పెర్త్‌షైర్‌లోని ఫోర్టింగల్‌లో నివసించిన జేమ్స్ మెక్‌గ్రెగర్ లిస్మోర్ చర్చి డీన్‌గా, నోటరీగా పనిచేశాడు. 1512–1542 మధ్యకాలంలో ఆయన, ఆయన సోదరుడు డంకన్ మరికొందరితో కలిసి గేలిక్ పద్యాలను సేకరించి రాశారు. ‘లిస్మోర్ డీన్ గ్రంథం’గా ప్రసిద్ధమైన ఈ రాతప్రతి స్కాట్లండ్ గేలిక్ సాహిత్యచరిత్రకు పునాదిరాయి. అందులో గేలిక్ పదాలను సంప్రదాయ వర్ణక్రమంలో కాక స్కాట్స్ భాష పద్ధతిలో రాశారు. అందుచేత ఆనాటి ఉచ్చారణ ఎలా ఉండేదో కొంత తెలుస్తుంది. మెక్‌గ్రెగర్ పెద్దల ప్రశస్తితో పాటు గ్లెనార్కీ ప్రభువు డంకన్ క్యాంబెల్ రాసిన హాస్య, శృంగార పద్యాలు కూడా అందులో చోటుచేసుకున్నాయి. శతాబ్దం తిరిగేసరికి ఏ పేరును నోటరీలు పత్రాలలో రాయకూడదని చట్టం చెప్పిందో, ఆ పేరు గల నోటరీ చేతిమీదుగా క్యాంబెల్ కవిత్వం భద్రమైంది.

16వ శతాబ్దం మధ్యలో ఈ సంబంధం తెగిపోయింది. గ్లెనార్కీ ప్రభువు గ్రే కాలిన్ క్యాంబెల్ తన భూములలో ఉన్న మెక్‌గ్రెగర్లను తన షరతులకు లోబరచబూనాడు. గ్లెన్‌స్ట్రేకు చెందిన యువనాయకుడు గ్రిగర్ రూవా లోబడలేదు. ఏళ్ళ తరబడి అడవులలో తిరిగి పట్టుబడ్డాడు. 1570 ఏప్రిల్ 7న గ్రే కాలిన్ అతని తల నరికించాడు. గ్రిగర్ భార్య మారియన్ కూడా క్యాంబెల్ వంశస్థురాలే, గ్లెన్‌లయన్ డంకన్ క్యాంబెల్ కుమార్తె. భర్త మరణం మీద ఆమె చెప్పినట్లుగా ప్రసిద్ధమైన ‘గ్రిగల్ క్రీ’ అనే విలాపగీతం ఒడిలోని బిడ్డకు పాడే జోలపాట రూపంలో ఉంటుంది. పుట్టింటివారే భర్తను చంపిన స్త్రీ గొంతు అది. నిషేధం ఉన్న కాలమంతా గ్రెగర్ పేరును పలుకుతూ ఈ పాట నోటినుంచి నోటికి సాగింది. పాటను నిషేధించడానికి రిజిస్టరు ఏదీ లేదు.

1603

1589లో గ్లెనార్ట్నీ రాజారణ్యాన్ని కాపలాకాసే అధికారి జాన్ డ్రమండ్ హత్యకు గురయ్యాడు. ఆ నేరాన్ని మెక్‌గ్రెగర్లపై మోపి, 1590లో ప్రివీ కౌన్సిల్ వారిని వెంటాడి మట్టుపెట్టే అధికారాన్ని చుట్టుపక్కల ప్రభువులకు ఇచ్చింది. అప్పటికే భూమి కోల్పోయిన వారిలో అనేకులకు పశువులను తోలుకుపోవడమే జీవనాధారం. 1603 ఫిబ్రవరి 7న లాక్ లోమండ్ సరస్సుకు సమీపంలోని గ్లెన్ ఫ్రూయిన్ లోయలో గ్లెన్‌స్ట్రే అలస్టర్ మెక్‌గ్రెగర్ నాయకత్వంలోని బలగం లస్ ప్రభువు అలెగ్జాండర్ కల్హూన్ సేనను చిత్తుగా ఓడించింది. కల్హూన్ అప్పుడు రాజాజ్ఞ పొంది వారిని అణచడానికి వెళ్ళినవాడు. కాబట్టి ఎడిన్‌బరోలో దీనిని రెండు తెగల తగాదాగా కాక రాజాధికారం మీద దాడిగా పరిగణించారు.

శాసనం వెలువడిన సమయాన్ని కూడా గమనించాలి. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ మార్చి 24న మరణించింది. స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం అధిష్ఠించడానికి ఏప్రిల్ 5న ఎడిన్‌బరో విడిచి వెళ్ళాడు. అతడు బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఈ ఉత్తర్వు జారీ అయింది. వెళ్ళేముందు ఇల్లు సర్దిపెట్టుకున్నట్లుంది ఆ తొందర.

1603 ఉత్తర్వు ఏం చెప్పిందో 1617లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం నుంచి తెలుస్తుంది. మెక్‌గ్రెగర్ అనే పేరును పూర్తిగా రద్దుచేయాలి, ఆ పేరు గలవారు వెంటనే మరో పేరు స్వీకరించాలి, స్వీకరించకపోతే మరణశిక్ష. తరువాత వచ్చిన ఆదేశాలు ఇంకా ముందుకు వెళ్ళాయి. ఆ తెగవారు భోజనంలో మాంసం కోసుకోవడానికి మొన లేని కత్తి తప్ప మరే ఆయుధమూ దగ్గర ఉంచుకోకూడదు, నలుగురికి మించి ఒకచోట చేరకూడదు. తన తెగకే చెందిన మరొకరి తల తెచ్చిన మెక్‌గ్రెగర్‌కు క్షమాభిక్ష దొరుకుతుందన్న ఆశ కూడా చూపారు. 1633 చట్టం మతాధికారులనూ లేఖకులనూ ఉద్దేశించింది. ఆ పేరుతో మగబిడ్డకు బాప్తిస్మం ఇవ్వకూడదు, ఆ పేరుతో ఏ పత్రమూ రాయకూడదు. ఈ చివరి నిబంధనే అన్నింటికంటే పదునైనదని చెప్పాలి. కత్తికి భయపడి కొండల్లో దాగవచ్చు. అప్పు తీసుకోవాలన్నా, కౌలు రాయించుకోవాలన్నా, బిడ్డ పుట్టుకను నమోదు చేయించాలన్నా కొండ దిగక తప్పదు.

అలస్టర్ మెక్‌గ్రెగర్ కథ విచారకరంగా ముగిసింది. ఆర్గైల్ ప్రభువు అతనిని ఇంగ్లండ్‌లో రాజు దగ్గరకు క్షేమంగా పంపిస్తానని మాట ఇచ్చాడు. అతనిని సరిహద్దు దాటించి మాట నిలబెట్టుకున్నాననిపించుకొని, వెంటనే బంధించి వెనక్కు తెప్పించాడు. 1604 జనవరి 20న ఎడిన్‌బరోలో అలస్టర్‌ను అనుచరులతో పాటు ఉరితీశారు. చావుకు ముందు అతడిచ్చిన వాఙ్మూలం మిగిలింది. తనను కల్హూన్‌ల మీదకు ఉసిగొలిపింది ఆర్గైల్ ప్రభువేనని అందులో ఆరోపించాడు. చనిపోబోయేవాని మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంలో చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. అయితే మెక్‌గ్రెగర్ల పతనం వల్ల భూమి లాభపడినవారు క్యాంబెల్‌లన్నది నిర్వివాదం.

రెండు పేర్ల జీవితం

పేరు వదులుకున్నవారు ఏ పేరు పెట్టుకున్నారు? ఎవరి భూమిలో ఉంటే వారి పేరు, ఎవరు జామీను నిలబడితే వారి పేరు. మరే, డ్రమండ్, గ్రాంట్, స్టూవర్ట్, గ్రేయమ్ అనే పేర్లు ఇలా వచ్చాయి. తమ భూములు పుచ్చుకున్న క్యాంబెల్‌ల పేరు పెట్టుకున్నవారూ తక్కువమంది కాదు. కొందరు పాత పేరు నీడలోనే ఉండే గ్రెగరీ, గ్రిగ్ వంటి రూపాలు ఎంచుకున్నారు. తెలుపు, నలుపు అనే అర్థాలుగల వైట్, బ్లాక్ కూడా ఈ జాబితాలో కనిపిస్తాయి. తండ్రికి ఉన్న ఉపనామం కొడుకుకు ఇంటిపేరుగా స్థిరపడిన సందర్భాలివి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్రెగరీ అనే పేరున్న ప్రతి కుటుంబమూ దాగిన మెక్‌గ్రెగర్ కుటుంబం కాదు. టెలిస్కోపు నిర్మాణానికి ప్రసిద్ధుడైన గణితవేత్త జేమ్స్ గ్రెగరీ (1638–1675) పూర్వులు మెక్‌గ్రెగర్లని ఆ కుటుంబ సంప్రదాయం. నైరుతి స్కాట్లండ్‌లోని గ్రియర్సన్‌లు కూడా చాలాకాలం అదే చెప్పుకున్నారు కానీ వారి వాదానికి పత్రాధారం లేదు. భారతీయ భాషల సర్వే ద్వారా తెలుగు భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితమైన గ్రియర్సన్ అనే పేరుకు అర్థం కూడా ‘గ్రెగరీ కుమారుడు’ అనే. ఒకే అర్థం ఒకే వంశాన్ని సూచించదు.

మొదటి నిషేధం 1661లో తొలగింది. అంతర్యుద్ధంలో మాంట్రోజ్ నాయకత్వంలో రాజపక్షాన పోరాడినందుకు రెండవ చార్లెస్ చూపిన కృతజ్ఞత అది. 1688 విప్లవం తర్వాత మెక్‌గ్రెగర్లు మళ్ళీ ఓడిన రాజు పక్షాన నిలిచారు. 1693లో పేరు మళ్ళీ పోయింది. ఈ రెండింటి మధ్య మూడు దశాబ్దాల వెసులుబాటులో పుట్టినవాడు ఆ పేరుకు ప్రపంచప్రసిద్ధి తెచ్చిన రాబ్ రాయ్. 1671 మార్చి 7న బాప్తిస్మం పొందాడు. పశువుల వ్యాపారి, కాపలా సొమ్ము వసూలు చేసేవాడు, మాంట్రోజ్ డ్యూక్‌కు బాకీపడి 1712 ప్రాంతంలో చట్టానికి దూరమైనవాడు. నిషేధం తిరిగి వచ్చాక అతడు పత్రాలలో రాబర్ట్ క్యాంబెల్. అది అతని తల్లి మార్గరెట్ పుట్టింటి పేరు. లోయలో అందరికీ అతడు రాబ్ రాయ్ మెక్‌గ్రెగరే. అతని కుమారుడు జేమ్స్ 1750ల్లో విచారణకు వచ్చినప్పుడు న్యాయస్థానం అతనిని మెక్‌గ్రెగర్ అనే మారుపేరున్న డ్రమండ్‌గా చూసింది. అసలు పేరు, మారుపేరు అన్న మాటలు చట్టం చేతిలో స్థానాలు మార్చుకున్నాయి.

పేరు తిరిగి వచ్చాక

1774లో నిషేధం శాశ్వతంగా తొలగింది. అప్పటికి ఉన్నతభూముల తెగలు రాజకీయశక్తిగా మిగలలేదు. భయం పోయాకే పేరు వచ్చింది. ఆ తర్వాత తెగకు పెద్ద ఎవరన్న ప్రశ్న తలెత్తింది. గ్లెన్‌స్ట్రే శాఖ అంతరించింది. గ్లెన్‌గైల్ శాఖ తనకు హక్కుందని వాదించింది. చివరికి 826 మంది సంతకం చేసిన ఒక పత్రం ద్వారా జాన్ మరేను పెద్దగా గుర్తించారు. ఈయన ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేసి సంపన్నుడై తిరిగివచ్చినవాడు. 1795లో బారొనెట్ బిరుదు పొందినప్పుడు కూడా మరే పేరుతోనే ఉన్నాడు. ఆ కుటుంబం రాజానుమతితో మెక్‌గ్రెగర్ పేరు తిరిగి స్వీకరించినది 1822లో. పత్రం వల్ల భూమినీ పేరునూ పోగొట్టుకున్నవారు పత్రం మీది సంతకాలతోనే నాయకుణ్ణి ఎన్నుకున్నారు.

1817 చివర వెలువడిన వాల్టర్ స్కాట్ నవల ‘రాబ్ రాయ్’ ఈ పేరును ఐరోపా పాఠకులందరికీ చేర్చింది. 1822లో నాల్గవ జార్జి ఎడిన్‌బరో సందర్శనకు వచ్చినప్పుడు స్కాట్లండ్ రాజచిహ్నాలకు కాపలాగా నడిచే గౌరవం మెక్‌గ్రెగర్లకు దక్కింది. ఒకప్పుడు ఉనికే నేరమైన పేరు రాజు ఊరేగింపులో అలంకారమైంది. దీనిని న్యాయం జరిగిందనడం కంటే, ప్రమాదం లేని గతాన్ని ముచ్చటగా చూసుకోవడం అనడమే సముచితం.

సముద్రాలు దాటిన మెక్‌గ్రెగర్ల కథలు ఇంతకంటే వాస్తవికమైనవి. స్కాట్లండ్ చట్టం ఐర్లండ్‌లో చెల్లదు. 1718లో ఉత్తర ఐర్లండ్ నుంచి తన సంఘాన్ని వెంటబెట్టుకొని న్యూ ఇంగ్లండ్‌కు వలసవెళ్ళిన ప్రెస్బిటీరియన్ బోధకుని పేరు జేమ్స్ మెక్‌గ్రెగర్. స్వదేశంలో ఆ పేరు నేరమై ఉన్న సమయంలోనే అమెరికా తీరంలో అది ఒక చర్చి పెద్ద పేరు. పేరు ప్రతిష్ఠను అమ్ముకున్నవాడూ ఉన్నాడు. గ్లెన్‌గైల్ ప్రాంతంలో 1786లో పుట్టిన గ్రెగర్ మెక్‌గ్రెగర్ మధ్య అమెరికాలో పోయైస్ అనే లేని రాజ్యానికి తాను అధిపతినని ప్రకటించి, లండన్‌లో ఋణపత్రాలు అమ్మి, సుమారు 250 మందిని అడవి తీరానికి పంపాడు. వారిలో సగానికి పైగా మరణించారు. వెస్టిండీస్‌లో స్కాట్లండ్ ఇంటిపేర్లు వ్యాపించిన దారి మరింత చేదైనది. అక్కడ తోటల యజమానుల పేర్లు బానిసలుగా ఉన్నవారికి అంటుకున్నాయి. ఒక పేరు బలవంతంగా తీసివేయడం, ఒక పేరు బలవంతంగా తగిలించడం ఒకే దేశపు నామచరిత్రలో ఉన్నాయి.

ఈ రెండూ ఒకే జీవితంలో తారసపడిన వ్యక్తి జేమ్స్ డ్రమండ్ మెక్‌గ్రెగర్. 1759లో పెర్త్‌షైర్‌లో జన్మించాడు. నిషేధకాలంలో ఆయన తండ్రి పేరు జేమ్స్ డ్రమండ్. కుమారుడు మెక్‌గ్రెగర్‌గా 1786లో నోవాస్కోషియాలోని పిక్టూకు బోధకుడిగా వెళ్ళి, గేలిక్ మాట్లాడే వలసదారుల మధ్య జీవితమంతా గడిపాడు, గేలిక్‌లో భక్తిగీతాలు రచించాడు. తోటి మతాధికారి ఒకరు నల్లజాతి బాలికను బానిసగా ఉంచుకోవడాన్ని ఖండిస్తూ 1788లో బహిరంగ లేఖ ప్రచురించాడు. బానిసల విముక్తికి తన స్వల్ప జీతం నుంచి సొమ్ము చెల్లించాడు. తండ్రి తలదాచుకున్న పేరును ఆయన చరిత్ర గ్రంథాలు మధ్యపేరుగా నిలిపాయి.

1774 తర్వాత పాత పేరుకు తిరిగి రానివారు ఎందరో. ఐదారు తరాలుగా డ్రమండ్‌గానో క్యాంబెల్‌గానో చర్చి రిజిస్టరులో ఉన్న కుటుంబానికి ఆ పేరే అసలు పేరై ఉంటుంది. మరికొందరికి తమ పూర్వపు పేరు తెలియనే తెలియదు. ఈనాడు జరుగుతున్న వై క్రోమోజోమ్ పరీక్షలలో మెక్‌గ్రెగర్ పేరున్న పురుషులలో ఒక వర్గం ఒకే పితృవంశానికి చెందగా, మిగిలినవారు వేర్వేరు వంశాలకు చెందుతున్నారు. వేరే ఇంటిపేర్లు గలవారు కొందరు ఆ ప్రధాన వంశంతో సరిపోతున్నారు. 1822లో ఎడిన్‌బరో సందర్శన జరిగిన సంవత్సరంలోనే ఏర్పడిన క్లాన్ గ్రెగర్ సొసైటీ నేటికీ పనిచేస్తున్నది. మెక్‌గ్రెగర్ అనే పేరున్నవారితో పాటు, నిషేధకాలంలో పూర్వులు స్వీకరించిన ఇతర ఇంటిపేర్లవారిని కూడా అది తనవారిగానే లెక్కిస్తుంది.